వాన తక్కువ సీమలో అంత లోతైన లోయ ఎలా నిలిచింది? గండికోటకు వెళ్ళబోయే మన ఉత్తరాంధ్ర జిల్లాల వాళ్ళకు

శ్రీకాకుళంలో వంతెన మీంచి నాగావళిని చూస్తూ పెరిగినవాళ్ళకి నది అంటే వెడల్పు. ఇసుక తిన్నెలు, నడుమ పాయలు, గట్టు దాటగానే పొలాలు. కళింగపట్నం దగ్గర వంశధార ఇంకా పరుచుకుంటుంది. అదే అలవాటుతో కడప జిల్లా గండికోటకి వెళ్ళి పెన్నా కోసం వెతికితే ముందు నది కనిపించదు. బల్లపరుపు బండ నేల మీద నడుస్తూ ఉంటే కాళ్ళ ముందు నేల ఉన్నట్టుండి తెగిపోతుంది. సుమారు 300 అడుగుల కింద సన్నగా నీరు, అటూ ఇటూ నిట్టనిలువు ఎర్ర గోడలు.

ఇక్కడే చాలామందికి ఒక సందేహం వస్తుంది. మన జిల్లాల్లో ఏడాదికి 1,100 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. కడప జిల్లాలో 700 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. లోయను కోసేది నీరే అయితే, నీరు ఎక్కువున్న మన దగ్గర కదా ఇలాంటి లోయ ఉండాలి?

లోయ రూపం రెండు వేర్వేరు పనుల మీద ఆధారపడుతుంది. మొదటిది, నది తన అడుగుని తాను కోసుకుంటూ కిందికి దిగడం. రెండోది, వాన, మట్టి, చెట్ల వేర్లు, చిన్న చిన్న గెడ్డలు కలిసి ఆ లోయ గోడల్ని అరగదీసి వాలుగా మార్చడం. రెండూ సమానంగా సాగితే వెడల్పైన, వాలు గట్ల లోయ వస్తుంది. మనకున్నది అదే. నది దిగే వేగం కన్నా గోడలు అరిగే వేగం బాగా తక్కువైతే గోడలు నిలువుగా మిగిలిపోతాయి. గండికోటలో జరిగింది ఇది. లోయను కోసింది నీరైతే, దాన్ని అలా నిలబెట్టినవి గట్టి రాయి, వాన కొరత.

రాయిలోనే తేడా ఉంది

మన తూర్పు కనుమల కొండల్లో ఎక్కువగా కనిపించేది ఖోండలైట్. ఈ రాయి ఉన్న చోట కొండను కోసి రోడ్డు వేస్తే, ఆ కోసిన గోడని దగ్గరగా చూడండి. ఎరుపు, పసుపు, తెలుపు చారలు ఉంటాయి. తెల్ల చార దగ్గర వేలితో నలిపితే మెత్తటి మట్టి పొడి రాలుతుంది. ఒకప్పుడు గట్టి ఫెల్డ్‌స్పార్ ఖనిజం అది. వందల వేల వానాకాలాలు దాన్ని సుద్ద మట్టిగా మార్చాయి. పక్కనే గోధుమ రంగు మచ్చలు కనిపిస్తే అవి గార్నెట్ గింజలు కుళ్ళి ఇనుప తుప్పు మిగిల్చిన చోట్లు. నది తాకక ముందే వాన ఈ రాయిని లోపల్నుంచి మెత్తబరిచేసింది. ఇళ్ళ పునాదుల్లో, రోడ్ల కింద పోసే ఎర్ర గ్రావెల్ చాలా చోట్ల ఇలా మెత్తబడిన రాయే. ఇలాంటి రాతిలో నిలువు గోడ ఎక్కువ కాలం నిలవదు. జారుతుంది, మట్టి పేరుకుంటుంది, మొక్క మొలుస్తుంది, వాలు గుండ్రబడుతుంది.

గండికోట గోడ క్వార్ట్‌జైట్. భూగర్భ శాస్త్రవేత్తలు ఆ పొరకి గండికోట క్వార్ట్‌జైట్ అనే పేరే పెట్టారు. కడప శిలా సముదాయంలోని చిత్రావతి వర్గంలో అది పై పొర. పురాతన సముద్రతీరపు ఇసుక ఒకదాని మీద ఒకటి పొరలుగా పడి, గింజకీ గింజకీ మధ్య ఉన్న ఖాళీలన్నీ సిలికాతో అతుక్కుపోగా ఏర్పడిన రాయి. దాదాపు అంతా పలుగురాయి గింజలే. పలుగురాయి వాన నీటికి కరగదు, కుళ్ళదు, మట్టిగా మారదు. మట్టి కాకపోతే చెట్టుకి పట్టు దొరకదు, చెట్టు లేకపోతే వేర్లు రాయిని చీల్చే పని నెమ్మదిస్తుంది.

మరి అంత గట్టి రాయిని నది ఎలా కోసింది? బీటల వల్ల. ఈ క్వార్ట్‌జైట్‌లో దాదాపు అడ్డంగా పరుచుకున్న పొరల గీతలున్నాయి, వాటిని నిలువునా దాటే బీటలున్నాయి. రెండూ కలిసి మొత్తం కొండని దిమ్మెలు దిమ్మెలుగా విభజించాయి. అంచు నుంచి ఎదుటి గోడ చూస్తే, సున్నం పెట్టకుండా పేర్చిన రాతి గోడ ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంటుంది. వరద వచ్చినప్పుడు నీటి ఒత్తిడి ఈ బీటల్లోకి దూరి దిమ్మెల్ని కదిలిస్తుంది, పీకుతుంది. ఆ దిమ్మెలూ, నది మోసుకొచ్చే ఇసుకా గులకరాళ్ళూ కలిసి అడుగుని రాపాడతాయి. అడుగు దిగిన కొద్దీ గోడ కింది దిమ్మెలకి ఆసరా పోతుంది. పైవి బీట వెంబడి తెగి పడతాయి. అవి బీట వెంబడే తెగుతాయి కాబట్టి మిగిలిన గోడ మళ్ళీ నిలువుగానే ఉంటుంది. గోడ అడుగున పోగుపడిన పెద్ద పెద్ద బండలు అలా పడినవే.

నదికి నీరు ఎక్కడిది?

వాన తక్కువ సీమ అన్నంత మాత్రాన నదికి నీరు లేదని కాదు. పెన్నా కర్ణాటకలో నంది కొండల ప్రాంతంలో పుట్టి 597 కిలోమీటర్లు నడిచి నెల్లూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. పడమటి కనుమలు నైరుతి రుతుపవనాల తడిని చాలావరకు అవతలే రాల్చేస్తాయి కాబట్టి రాయలసీమకి మిగిలేది తక్కువ. కానీ పడినప్పుడు ఒక్కసారిగా కుండపోతగా పడుతుంది, ముఖ్యంగా అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య బంగాళాఖాతం వాయుగుండాలతో. చెట్టూ చేమా పలుచగా ఉన్న నేల ఆ నీటిని ఇంకించుకోలేదు. వంకలన్నీ ఒకేసారి నదిలో పడతాయి. 2021 నవంబరులో పెన్నాకి ఉపనది అయిన చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది ఇలాంటి వరదకే. ఏడాదిలో నూటికి తొంభై రోజులు నది బక్కగా కనిపించినా లోయ కోసే పని ఆ కొద్ది వరద రోజుల్లో జరిగిపోతుంది.

ఇప్పుడు మనం చూసే నీరు మాత్రం పూర్తిగా నది ఇష్టం కాదు. లోయకి ఎగువన గండికోట జలాశయం, దిగువన మైలవరం డ్యామ్ ఉన్నాయి. వాటి నిల్వని బట్టి లోయలో నీటి మట్టం మారుతుంది. ఫోటోల్లో నిండుగా చూసి వెళ్ళినవాళ్ళకి వేసవిలో అడుగున బండలే కనిపించవచ్చు. నా అభిప్రాయంలో లోయని అర్థం చేసుకోవాలంటే నీరు తక్కువున్నప్పుడే మేలు. పడిన బండలు, నునుపెక్కిన అడుగు అప్పుడే బయటపడతాయి. అందం కోసమైతే నవంబరు చివర నుంచి జనవరి దాకా.

రెండు వయసుల గందరగోళం

ఈ లోయ వయసెంత అని అడిగితే కోట్ల సంవత్సరాలు అనే జవాబు వినిపిస్తుంది. అది రాయి వయసు. ఆ ఇసుక పరుచుకుని 100 కోట్ల సంవత్సరాల పైనే అయింది. దాన్ని నది కోయడం చాలా తర్వాతి సంగతి. ఊరికే లెక్క కోసం, ఏడాదికి మిల్లీమీటరులో పదో వంతు చొప్పున దిగిందనుకుంటే 100 మీటర్లకి 10 లక్షల ఏళ్ళు పడుతుంది. రాతి వయసు ముందు అది చాలా చిన్న సంఖ్య. అమెరికాలోని గ్రాండ్ కాన్యన్‌లోనూ ఇదే తేడా: అడుగు రాళ్ళు సుమారు 180 కోట్ల ఏళ్ళవి, కొలరాడో నది ఇప్పటి లోయని కోసింది గత 50, 60 లక్షల ఏళ్ళలోనే అని ఎక్కువమంది శాస్త్రవేత్తల మాట.

పోలిక వచ్చింది కాబట్టి చెప్పాలి. గండికోటని ‘ఇండియా గ్రాండ్ కాన్యన్’ అని ప్రచారం చేయడం దానికి మేలు చేయడం లేదు. గ్రాండ్ కాన్యన్ పొడవు 446 కిలోమీటర్లు, లోతు 1,600 మీటర్ల పైన, కొన్ని చోట్ల వెడల్పు 29 కిలోమీటర్లు. ఆ లెక్క మనసులో పెట్టుకుని వెళితే గండికోట చిన్నదిగా కనిపిస్తుంది. దీని గొప్పతనం వేరు. అవతలి గోడ చాలా దగ్గర. ఒక్కో పొరని, ఒక్కో బీటని కళ్ళతో చదవొచ్చు. ఎంత దగ్గరో తెలుసుకోవాలంటే గాలి లేని వేళ గట్టిగా ఒక చప్పట కొట్టండి. ప్రతిధ్వని అర సెకనులో వస్తే ఎదుటి గోడ సుమారు 85 మీటర్ల దూరంలో ఉన్నట్టు. శబ్దం సెకనుకి 340 మీటర్లు పోతుంది, పోయి రావాలి కాబట్టి సగం.

మరో ఆసక్తికరమైన సంగతి, మన ఖోండలైట్ కూడా ఒకప్పుడు నీటి అడుగున పేరుకున్న బురద, ఇసుకే. కాకపోతే అది భూమి లోతుల్లోకి దిగబడి, కొన్ని చోట్ల 900 డిగ్రీలు దాటిన వేడికి ఉడికి, సుమారు 100 కోట్ల ఏళ్ళ కిందట పూర్తిగా వేరే రాయిగా మారింది. గండికోట ఇసుకకి ఆ గతి పట్టలేదు. అందుకే అక్కడ పొరలు ఇంకా పొరలుగానే ఉన్నాయి.

అక్కడికి వెళ్ళాక ఏం చూడాలి

సూర్యోదయానికి అరగంట ముందు అంచు దగ్గర ఉండాలి. రంగు బాగుంటుందనే కాదు. ఏటవాలు వెలుగులో ప్రతి బీటకీ, ప్రతి పొర అంచుకీ నీడ పడుతుంది, గోడ నిర్మాణం విడివిడిగా తెలుస్తుంది. మధ్యాహ్నం ఎండ నెత్తి మీదికి వచ్చేసరికి ఆ నీడలు మాయమై గోడంతా ఒకే పలకగా కనిపిస్తుంది. ఫోన్ ఫోటోలు పదకొండు గంటల తర్వాత తేలిపోయేది ఇందుకే. సాయంత్రం నాలుగున్నర తర్వాత మళ్ళీ పనికొస్తాయి.

ముందు ఎదుటి గోడ మీద ఒక పొరని పట్టుకుని, కంటితో దాని వెంట వీలైనంత దూరం పోవాలి. తర్వాత మనం నిల్చున్న వైపు అదే ఎత్తులో ఆ పొర ఎక్కడుందో వెతకాలి. రెండూ కలిస్తే, నడుమ ఖాళీలో ఒకప్పుడు రాయి ఉండేదని ఎవరూ చెప్పక్కర్లేదు.

తర్వాత కాళ్ళ కింద చూడండి. బండల పైభాగం మీద కొన్ని చోట్ల వేలి వెడల్పున, ఒకదాని పక్కన ఒకటిగా చిన్న చిన్న గట్లు వరసలు తీరి ఉంటాయి. భీమిలిలోనో, బారువ తీరంలోనో అల వెనక్కి పోయాక తడి ఇసుక మీద మిగిలే గీతలివే. చెయ్యి పెట్టి తడిమితే ఒక పక్క వాలు నిదానంగా, ఇంకో పక్క నిటారుగా తగలొచ్చు. అలా తగిలితే నిటారు పక్క ఎటుందో, ఆనాటి నీరు అటు పారింది. రెండు పక్కలా సమానంగా ఉంటే నీరు ముందుకీ వెనక్కీ ఊగిందని అర్థం. జీవం అంటే సూక్ష్మజీవులే అయిన కాలంలో కదిలిన నీటి దిక్కుని ఇలా అరచేత్తో తెలుసుకోగలిగిన చోట్లు ఎక్కువ లేవు. దయచేసి ఇలాంటి బండల మీద పేర్లు చెక్కకండి, సుద్దతో రాయకండి. రాయి మీద బూడిద, ఆకుపచ్చ మచ్చలుగా ఉన్న లైకెన్లు (రాయికి అంటుకుని బతికే జీవులు) ఏడాదికి ఒక మిల్లీమీటరు కూడా పెరగవు. ఒక్కసారి గీకితే మన జీవితకాలంలో తిరిగి రావు.

కోట గురించి ఒక్క మాట. మాధవరాయస్వామి గుడి, రంగనాథస్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం చూడదగ్గవి. 1652లో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియర్ ఈ కోటకి వచ్చి దీని గురించి రాశాడు. లోయ ఉన్న వైపు కందకం తవ్వే పని పెన్నాయే చేసిపెట్టింది.

అంచు, ఎండ

గోడ ఎలా తెగుతుందో పైన చెప్పుకున్నాం. జాగ్రత్త కూడా దాన్నుంచే వస్తుంది. అంచుకి దగ్గరయ్యే ముందు నేల మీద అంచుకి సమాంతరంగా బీట ఉందేమో చూడాలి. బీటలోకి మట్టి, ఆకులు జారిపోతున్నా, లోపల గడ్డి మొలిచినా ఆ దిమ్మె వెనక గోడ నుంచి విడిపోయే దారిలో ఉన్నట్టే. బీటకి అవతల అడుగు పెట్టకూడదు. పది మంది అక్కడ నిలబడి ఫోటో దిగుతున్నా పెట్టకూడదు. దిమ్మె కింద ఖాళీ ఉందో లేదో పైనుంచి తెలియదు. చాలా చోట్ల రెయిలింగు లేదు. అంచుకి మన ఎత్తంత దూరంలో ఆగి, చూడాలనిపిస్తే కూర్చుని చూడాలి. పిల్లల చెయ్యి వదలొద్దు. క్వార్ట్‌జైట్ మీద తెల్లవారుజామున మంచు పడితే జారుతుంది. పొడిగా ఉన్నప్పుడు దాని మీది ఇసుక రేణువులు దొర్లి కూడా జారుతుంది. హవాయి చెప్పులు పనికిరావు, రబ్బరు అడుగున్న బూట్లు వేసుకోవాలి. కిందికి దిగే ప్రయత్నం, నీటిలో ఈత రెండూ వద్దు. ఎగువన గేట్లు ఎత్తితే ఇక్కడ చినుకు పడకుండానే మట్టం పెరుగుతుంది.

ఎండ విషయంలో మన వాళ్ళు పొరబడే తీరు ప్రత్యేకం. తీరం ఉక్కలో చెమట ఒంటి మీదే నిలుస్తుంది, చొక్కా తడుస్తుంది, దాహం ముందే గుర్తొస్తుంది. అక్కడి పొడి గాలిలో చెమట పట్టగానే ఆరిపోతుంది. చెమటే పట్టడం లేదని అనుకుంటాం. నిజానికి ఎండలో నడిచేటప్పుడు గంటకి లీటరు దాకా నీరు పోవచ్చు. పొడారిన ఒళ్ళు చూసి ధైర్యపడకూడదు. సగం రోజు తిరగడానికి మనిషికి 3 లీటర్లు పట్టుకెళ్ళాలి, దాహం వేసేదాకా ఆగకుండా ఇరవై నిమిషాలకి ఒక గ్లాసు తాగాలి. ఉత్తి నీళ్ళే లీటర్లకి లీటర్లు తాగినా ఇబ్బందే. ఉప్పు తగ్గి తలనొప్పి, వికారం మొదలవుతాయి. మధ్యలో ఉప్పు మజ్జిగో, ఓఆర్‌ఎస్ నీళ్ళో పడాలి. పెద్ద ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మొత్తం ఒక లీటరులో కలపాలి, సగం ప్యాకెట్ గ్లాసులో కలిపితే మేలు కన్నా కీడు. బీపీ, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్ళు ఉప్పు సంగతి ముందే డాక్టరుని అడగాలి.

మూత్రం ముదురు పసుపు రంగులో వస్తే నీడకి చేరాలి. మనిషి మాట తడబడినా, పొంతన లేకుండా మాట్లాడినా అది వడదెబ్బ. బట్టలు తడిపి, విసరుతూ 108కి ఫోన్ చేయాలి. స్పృహ సరిగా లేనివాళ్ళ నోట్లో నీళ్ళు పోయకూడదు. ఏప్రిల్, మే నెలల్లో ఉష్ణోగ్రత 40 దాటుతుంది, పగలంతా కాగిన బండ సాయంత్రం కూడా వేడి కక్కుతుంది. ఆ రెండు నెలలూ పిల్లలతో, ముసలివాళ్ళతో వెళ్ళకపోవడం మంచిది. డిసెంబరులో దీనికి తిరగబడి, మబ్బు లేని పొడి ఆకాశం కింద నేల వేడి త్వరగా పోతుంది. మన తీరంలో అవసరపడని దుప్పటి అక్కడ తెల్లవారుజామున కావాలి.

ప్రయాణం సంగతి. ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్ స్టేషన్ నుంచో, విజయనగరం నుంచో విశాఖ చేరితే, అక్కణ్ణుంచి కడప దాకా తిరుమల ఎక్స్‌ప్రెస్ ఉంది. కడప నుంచి జమ్మలమడుగుకి బస్సు, అక్కణ్ణుంచి గండికోట సుమారు 15 కిలోమీటర్లు, ఆటోలో పోవచ్చు. రాత్రి అక్కడే ఉండాలి, లేకపోతే ఉదయపు వెలుగు దొరకదు. పర్యాటక శాఖ హరిత హోటల్ ఉంది. శని, ఆదివారాలు, సంక్రాంతి సెలవుల్లో ముందే బుక్ చేసుకోవాలి.

ముందు ఇంటి దగ్గర ఒకటి

ఇంత దూరం వెళ్ళే ముందు విశాఖ, భీమిలి మధ్య తీరంలో ఉన్న ఎర్రమట్టి దిబ్బలు ఒకసారి చూసి వెళ్ళమని నా సలహా. విజయనగరం నుంచి ఉదయం బయల్దేరితే మధ్యాహ్నానికి తిరిగి రావచ్చు. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ గుర్తించిన భూవారసత్వ ప్రదేశం అది. అక్కడ గోడలు రాయి కాదు, గాలి, సముద్రం తెచ్చి పోసిన ఇసుక. గింజల మీద ఇనుప తుప్పు పొర పట్టి ఎర్రబడింది, కాస్త బంకమట్టి వాటిని పట్టి ఉంచింది. అడుగున పసుపు ఇసుక, దాని పైన గోధుమ ఎరుపు, ఆపైన ఇటుక ఎరుపు, అన్నిటికీ పైన లేత పసుపు. గండికోటలో లక్షల ఏళ్ళు పట్టిన పని ఇక్కడ ఒక్క వానాకాలంలో కళ్ళ ముందు జరుగుతుంది: కాలువ అడుగు దిగుతుంది, గోడ కింద తొలుస్తుంది, పైన బీట పడుతుంది, ముద్దగా జారుతుంది. జూన్‌కి ముందు ఒకసారి, నవంబరులో ఒకసారి ఒకే చోట నిలబడి ఫోటో తీసి పోల్చుకుంటే తేడా తెలుస్తుంది.

అయితే అక్కడ ప్రమాదం తలకిందులుగా ఉంటుంది. పడిపోయే భయం కన్నా మీద పడే భయం ఎక్కువ. వాన వెలిసిన వారం రోజుల దాకా లోపలి ఇరుకు కాలువల్లోకి పోకూడదు, తడిసి బరువెక్కిన ఇసుక గోడ చప్పుడు లేకుండా కూలుతుంది. గోడలెక్కడం, తవ్వడం, ఇసుక సంచిలో వేసుకోవడం వద్దు. ఒక మనిషి ఎక్కిన జాడే వచ్చే వానకి కొత్త కాలువ అవుతుంది.